పాటలకూ ఓ టీసీ కావాలి

బదిలీ ఆర్డరు వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో రెండే ప్రశ్నలు వినిపిస్తాయి. "ఇది తీసుకెళ్దామా? అమ్మేద్దామా?" మీ ఇంట్లోనూ అంతేనేమో. మేం విశాఖపట్నం నుంచి తేజ్‌పూర్‌కి బయలుదేరినప్పుడు అమ్మేసిన వాటిలో మా పాత కంప్యూటర్ ఒకటి. అది నాన్న పెళ్లికి ముందు కొన్నది. "లారీలో దీనికి చోటెందుకు? పాటలన్నీ నీ ట్యాబ్‌లో వేసుకో, చాలు" అన్నారు నాన్న.

వేశాను. కేబుల్ పెడితే ట్యాబ్ ఛార్జింగ్ మాత్రమే అవుతోంది. ట్యాబ్ తెర మీద 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' అనేది ఎంచుకోవాలని తెలియడానికే అరగంట పట్టింది. ఆ తర్వాత ఆరు వందల పాటల్నీ ఒక్కసారే కాపీ చేసేశాను. అయిపోయిందనుకున్నాను కానీ, ఒక్క పాట కూడా పెట్టి వినలేదు. మర్నాడు కంప్యూటర్ వెళ్లిపోయింది.

రైలు ఒడిశాలో ఉండగా ట్యాబ్ తెరిచాను. సగం పాటలు జాబితాలోనే లేవు. ఫైళ్లు ఉన్నాయి, పాటలు మాత్రం పలకవు. వాటి పేర్ల చివర డబ్ల్యూఎంఏ అని ఉంది.

అప్పటిదాకా పాట అంటే పాటే అనుకునేదాన్ని. నిజానికి ఒకే పాటను చాలా రకాలుగా దాచవచ్చు. సీడీలో సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి రాస్తారు. దాన్ని అలాగే కంప్యూటర్‌లో పెడితే అయిదు నిమిషాల పాటకి 50 ఎంబీ పైనే అవుతుంది. మన చెవి పెద్దగా పట్టించుకోని వివరాలను తీసేసి చిన్నది చేస్తే ఎంపీ3 అవుతుంది. సెకనుకి 128 కిలోబిట్లు అనుకుని లెక్క కట్టండి. 60తో గుణించి, 8తో భాగిస్తే నిమిషానికి 960 కేబీ. అంటే అదే పాట 5 ఎంబీలో సరిపోతుంది. డబ్ల్యూఎంఏ కూడా ఇలా చిన్నది చేసే పద్ధతే, కాకపోతే అది విండోస్ కోసం తయారైనది. ఆండ్రాయిడ్ తనంతట తాను చదివే ఫార్మాట్లలో ఎంపీ3, ఏఏసీ, ఫ్లాక్, ఓగ్ ఉన్నాయి, డబ్ల్యూఎంఏ లేదు. ట్యాబ్ తప్పేమీ లేదు, దానికి ఆ లిపి రాదు, అంతే. తేజ్‌పూర్‌లో దిగిన కొత్తలో కొట్ల బోర్డులు చూసి నేను నిలబడిపోయినట్టే.

ఇక్కడికి వచ్చాక నాన్న లాప్‌టాప్‌లో వీఎల్‌సీ వేసుకుని, అందులో 'కన్వర్ట్' అనే చోట ఎంపీ3 ఎంచుకుని ఆ పాటల్ని మార్చాను. రెండు ఆదివారాలు పట్టింది. అయినా 43 పాటలు మారలేదు. ఎందుకో నాన్నకి తర్వాత గుర్తొచ్చింది. ఆ రోజుల్లో తను కొన్న సీడీల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 'కాపీ రక్షణ' అనే గడిలో టిక్కు ఉండిపోయిందట. అలా ఎక్కించిన పాటకి తాళం పడుతుంది. తాళంచెవి ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఆ కంప్యూటర్ ఇప్పుడు ఎవరింట్లో ఉందో మాకు తెలియదు. సీడీలు అంతకు ముందు బదిలీలోనే పోయాయి.

మనకి టీసీ ఉంటే ఏ ఊళ్లోనైనా ఏడాది మధ్యలో కూడా చేర్చుకుంటారు. ఆ 43 పాటలకి టీసీ లేదు. డబ్బిచ్చి కొన్న పాటలు మన దగ్గరే ఉండి కూడా మనవి కాకుండా పోయాయి.

అందుకే నా అభిప్రాయం ఇది. మనలా ఊళ్లు మారే ఇళ్లలో పాటలు ఏ మెషిన్‌లోనైనా పలికే రూపంలో ఉండాలి. ఆ పని పాత మెషిన్ ఇంట్లో ఉండగానే చేయాలి. కాపీ అయ్యాక కనీసం పది పాటలైనా ట్యాబ్‌లో పెట్టి వినాలి. నా మట్టుకు నేను ఎంపీ3నే ఎంచుకుంటాను. దీనికంటే మంచి నాణ్యత ఇచ్చేవి ఉన్నాయి, కాదనను. కానీ ఎంపీ3 పలకని మెషిన్ నేనింతవరకూ చూడలేదు. దాన్ని తయారు చేసిన జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ 2017లో లైసెన్సు రుసుము తీసుకోవడం కూడా ఆపేసింది. ఎంపీ3ని ఫ్లాక్‌లోకి మారిస్తే పాట బాగుపడుతుందని మా క్లాసులో ఒకడు వాదించాడు. బాగుపడదు. ఒకసారి తీసేసిన వివరం మళ్లీ రాదు, ఫైలు మాత్రం లావెక్కుతుంది.

"ఇంత శ్రమెందుకు, అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయిగా" అంటుంది నా పక్క సీటు స్నేహితురాలు. కొత్త సినిమా పాటలకి ఆ మాట ఒప్పుకుంటాను, నేనూ అలాగే వింటాను. అయితే యాప్‌లో 'డౌన్‌లోడ్' చేసుకున్న పాట ఆ యాప్‌లోనే పలుకుతుంది, చందా ఆగితే అదీ ఆగుతుంది. హక్కుల ఒప్పందం మారితే నిన్న ఉన్న పాట ఇవాళ ఉండదు. పైగా ఏ యాప్‌లోనూ మా అమ్మమ్మ లేదు.

ఆమె సంగతి చెప్పాలి. నేను ఉయ్యాలలో ఉన్నప్పుడు అమ్మమ్మ పాడిన లాలిపాట ఒకటి మామయ్య తన పాత ఫోన్‌లో రికార్డు చేశాడు. అదీ ఆ కంప్యూటర్‌లోనే ఉండేది. ట్యాబ్‌లోని మ్యూజిక్ యాప్ దాన్ని కూడా చూపించలేదు. ఆ రైల్లో అమ్మ నాతో ఒక్క మాట అనలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఆరేళ్లప్పుడే అమ్మమ్మ పోయింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

అది ఏఎంఆర్ ఫైలు. ఫోన్‌లో మాటలు దాచడానికి చేసిన ఫార్మాట్. శబ్దాన్ని సెకనుకి 8,000 సార్లే కొలుస్తుంది కాబట్టి గొంతు సన్నగా, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. పదకొండు నిమిషాల పాట మొత్తం కలిపి ఒక ఎంబీ. లాప్‌టాప్‌లో వీఎల్‌సీతో తెరిస్తే వినిపించింది. ముందు ఉయ్యాల గొలుసు కిర్రుమంది, తర్వాత అమ్మమ్మ దగ్గు, ఆ తర్వాత పాట. వంటింట్లో ఉన్న అమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడింది.

దాన్ని ఎంపీ3 చేసి ట్యాబ్‌లో పెట్టాను. అసలు ఫైలు మాత్రం తీసేయలేదు. మార్చిన ప్రతిసారీ కొంత పోతుంది కాబట్టి, రేపు ఇంకో ఫార్మాట్ వచ్చినా అసలు దాన్నుంచే మార్చుకోవాలి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేశాను, ఒకటి మామయ్యకి పంపాను. మా తమ్ముడికి తెలుగు చదవడం రాదు. ఇక్కడి స్కూల్లో హిందీ, ఇంగ్లిష్, బయట ఆడుకునేటప్పుడు అస్సామీ. వాడు అమ్మమ్మని చూడనే లేదు. కానీ ఆ లాలిపాటలో రెండు చరణాలు వచ్చేశాయి, దగ్గుతో సహా.

సామాన్లు సర్దేటప్పుడు చూసుకోవడానికి అమ్మ బీరువా తలుపు లోపల ఒక జాబితా అంటించింది. గ్యాస్ పుస్తకం, రేషన్ కార్డు, పిల్లల టీసీలు. దాని కింద నేను పెన్సిల్‌తో 'పాటలు – విని చూడాలి' అని రాశాను. కిందటి వారం చూస్తే ఎవరో దాని మీద పెన్నుతో దిద్దారు.