బాగుపడి వచ్చినవాళ్లకు కొలువేదీ?

2015 సెప్టెంబరులో ఉమ్మడి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద ఆబ్కారీ శాఖ ఒక్కసారిగా విరుచుకుపడింది. కల్లులో కలిపే ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ దొరకడం ఆగింది. రెండు మూడు రోజులకే, వాటికి అలవాటుపడ్డవాళ్లకు ఊళ్లలో వణుకులు మొదలయ్యాయి. కొందరికి ఫిట్స్ వచ్చాయి, కొందరు తమలో తామే మాట్లాడుకుంటూ వీధుల వెంట తిరిగారు. వందల మందిని నిజామాబాద్ ఆస్పత్రికీ, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ తరలించాల్సి వచ్చింది. కామారెడ్డి అప్పటికి నిజామాబాద్‌లో భాగమే. 2016 అక్టోబరు 11న సొంత జిల్లా అయింది. ఆఫీసుల బోర్డులు మారాయి, కల్లు మారలేదు. 2025 ఏప్రిల్‌లో ఇదే జిల్లా నస్రుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆస్పత్రిపాలయ్యారు.

ప్రతిసారీ జరిగేది ఒకటే. దాడులు, కేసులు, సెలైన్లు, డిశ్చార్జి. ఆ తర్వాత?

ఇంటికొచ్చిన మనిషి సాయంత్రమయ్యేసరికి మళ్లీ అదే కల్లు దుకాణం ముందు నుంచి నడవాలి. రాత్రి నిద్ర పట్టదు. ఇంట్లోవాళ్లకు నమ్మకం కుదరదు. డాక్టరుకు చూపించుకోవడానికి ఎల్లారెడ్డి నుంచి లింగంపేట మీదుగా కామారెడ్డికి బస్సెక్కి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఎర్రగడ్డ అయితే కామారెడ్డి నుంచే వంద కిలోమీటర్ల పైన. డాక్టరు రాసిచ్చిన చీటీకీ, ఆ మనిషి బతుకుకీ మధ్య ఉన్న ఈ ఖాళీలో నిలబడవలసిన మనిషి ఒకరున్నారు. అదే జబ్బు పడి, అదే మత్తులో మునిగి, తేరుకుని వచ్చినవారు. బయటి దేశాల్లో దాన్ని ఉద్యోగంగా గుర్తించి పీర్ స్పెషలిస్టు అంటున్నారు. కామారెడ్డికి ఆ ఉద్యోగం కావాలి.

ఆలోచన కొత్తదేం కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పారిస్‌లోని బిసెత్ర్ ఆస్పత్రి వార్డులను చూసుకున్న జాన్ బాప్టిస్ట్ ప్యుస్సాఁ ఒకప్పుడు అక్కడే వైద్యం చేయించుకున్న రోగి. కోలుకున్నవారినే సేవకులుగా పెట్టుకునేవాడు. వాళ్లు రోగుల మీద చెయ్యి చేసుకోరని ఆయన గురి. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరూ ఒక డాక్టరూ, ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే, ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. 1999లో అదే దేశంలోని జార్జియా రాష్ట్రం, కోలుకున్నవారు చేసే ఈ పనికి ప్రభుత్వ ఆరోగ్య బీమా నుంచి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. అప్పటిదాకా సేవగా ఉన్నది అక్కడ కొలువైంది.

పీర్ స్పెషలిస్టు చేసే పనేమిటో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కల్లు ఆగిన మూడో రోజు ఒకతను చేతులు వణుకుతూ గోడకానుకుని కూర్చున్నాడనుకుందాం. బుద్ధులు చెప్పేవాళ్లు చుట్టూ బోలెడుమంది. ఈ దారిలో నడిచొచ్చినవాడైతే, "భయపడకు తమ్మీ, నాక్కూడ గట్లనే అయింది. కానీ ఇంట్ల పండుకుంటే కాదు, ఫిట్స్ వస్తయ్. నడువ్, దవాఖానకు పోదాం" అంటాడు. ఆ మాటలో సానుభూతి ఎంతుందో వైద్యం అంతుంది. ఆల్ప్రాజోలం అలవాటైన ఒంటికి దాన్ని ఉన్నపళాన ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించాలి. 'రేపట్నుంచి ముట్టను' అని ఒట్టు పెట్టుకుని ఇంట్లో తలుపేసుకోవడమే ఇక్కడ అన్నిటికన్నా ప్రమాదం.

మత్తొక్కటే కాదు. ఈ జిల్లాలో ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. చెవిలో మాటలు వినిపించే జబ్బుకు గోలీలు వాడే ఒక చెల్లెకు పొద్దంతా నిద్ర ముంచుకొస్తుంది, వేళ్లు సాగవు, లెక్క ప్రకారం బీడీలు పూర్తికావు. కార్ఖానాలో కూలి తెగ్గోస్తారు. ఆమె గోలీలు మానేస్తుంది. ఓపీలో దొరికే రెండు నిమిషాల్లో ఈ సంగతి డాక్టరు దాకా పోదు. పక్కన చాట పెట్టుకుని కూర్చోగల మరో అక్క, అవే గోలీలు మింగిన అక్క అయితే, "మానకే, సారుకు చెప్పి మార్పిచ్చుకుందాం" అంటుంది. బాణామతి అనీ గాలి సోకిందనీ ఇంట్లోవాళ్లు అంటుంటే, నన్ను చూడమని చెప్పగలిగేదీ ఆమే. వికలాంగుల పింఛను కోసం వైకల్య నిర్ధారణ క్యాంపుకు ఏ కాగితాలు పట్టుకుపోవాలో కూడా ఆమెకే బాగా తెలుసు. మానసిక జబ్బు 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉందనే సంగతి చాలా ఇళ్లకు ఈనాటికీ చేరలేదు.

ఇలాంటి తోడు వల్ల లాభముందా అంటే రుజువులున్నాయి. 2018లో లాన్సెట్‌లో వచ్చిన ఇంగ్లండ్ అధ్యయనంలో, సంక్షోభ చికిత్స ముగిసి ఇంటికి వెళ్లే 441 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు అనుభవమున్న సహాయకులు పదిసార్ల దాకా కలిసి మాట్లాడే ఏర్పాటు జరిగింది. ఏడాదిలో మళ్లీ అత్యవసర చికిత్సకు వచ్చినవారు వీళ్లలో 29 శాతం, రెండో జట్టులో 38 శాతం. మన దేశంలో గుజరాత్ ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల్లోనూ పీర్ సపోర్ట్ వలంటీర్లను తీర్చిదిద్దారు.

తెలుగు నేలకు ఈ సూత్రం పరాయిదేమీ కాదు. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్, పొదుపు సంఘాల్లో నిలదొక్కుకున్న పేద మహిళలనే సీఆర్పీలుగా (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా) పక్క ఊళ్లకు పంపింది. భాష తెలియని బీహార్ దాకా వెళ్లి అక్కడ సంఘాలు కట్టించి వచ్చారు మన పల్లెల ఆడవాళ్లు. ఎయిడ్స్ నియంత్రణలో పీర్ ఎడ్యుకేటర్లు ఏళ్ల తరబడి గౌరవ వేతనంతో పనిచేస్తున్నారు. అప్పుల్లోంచి బయటపడిన అనుభవానికి విలువ కట్టిన ప్రభుత్వం, పిచ్చి అనే ముద్రలోంచి బయటపడిన అనుభవాన్ని మాత్రం ఎందుకు పక్కన పెట్టాలి?

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రాష్ట్ర ప్రాధికార సంస్థలో జబ్బును అనుభవించినవారికి చోటిచ్చింది. మీటింగులో కుర్చీ దొరికింది, ఊళ్లో పని దొరకలేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైనప్పుడు దేశంలో తొలి జిల్లాల్లో ఎల్లారెడ్డి పక్కనే ఉన్న మెదక్ ఒకటి. సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, నర్సు, సోషల్ వర్కర్, చివరికి రికార్డులు రాసే అసిస్టెంటు దాకా ఆ కార్యక్రమంలో పోస్టులున్నాయి. కోలుకున్న మనిషికి లేదు.

పోస్టు పెడితే మాత్రం సరిగ్గా పెట్టాలి. డాక్టర్ల కొరతను చవకగా పూడ్చే ఎత్తుగడ కాకూడదు. ఒకరి బాధ వింటూ వింటూ తన పాత గాయం మళ్లీ రేగితే సెలవు, చికిత్స దొరకాలి. వారం వారం పైవాళ్లు కూర్చుని వినాలి. ఊళ్లో ఒకరి గుట్టు మరొకరికి చెప్పకపోవడం శిక్షణలో మొదటి పాఠం కావాలి. 2023లో ప్రారంభమైన కామారెడ్డి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆ శిక్షణ బాధ్యత తీసుకోవచ్చు. మొదట ఎల్లారెడ్డి, బాన్సువాడ ఆస్పత్రుల్లో ఒక మగమనిషినీ ఒక ఆడమనిషినీ చొప్పున నియమించి, డిశ్చార్జి అయిన ప్రతివాళ్ల ఇంటికీ వారం తిరక్కముందే వాళ్లను పంపాలి. బస్సు ఛార్జీలు వేరుగా ఇవ్వాలి, జీతం ఏ నెలకానెల పడాలి.