రెండు మీటర్ల వైరుకు రెండున్నర వేలా?

మాచర్ల నుంచి డిగ్రీ రెండో సంవత్సరం చదివే తమ్ముడొకడు పోయిన వారం మెయిల్ పెట్టాడు. "అన్నా, మిర్చి కోతలప్పుడు సెలవు రోజుల్లో కల్లంలో పనికెళ్లి తొమ్మిది వేలు దాచుకున్నాను. నా టేబుల్ మీద చిన్న ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు పెట్టుకోవాలని ఎప్పట్నుంచో కోరిక. ఆంప్, స్పీకర్లు కలిపి ఆరున్నర వేలలో చూసుకున్నా. మిగతా రెండున్నర వేలు మంచి స్పీకర్ కేబుల్‌కి ఉంచుకోమని వీడియోలో చెప్పారు. ఏ కేబుల్ కొనమంటావు?"

సమాధానం ఒక్క లైన్లో చెప్పేయొచ్చు. కానీ అలా చెప్తే తమ్ముడు నమ్మడు. రెండేళ్ల కింద నాకు ఎవరైనా చెప్పినా నేను నమ్మేవాణ్ని కాదు. ఎందుకంటే సరిగ్గా అదే తప్పు నేనూ చేశాను. అదీ ఇంజినీరింగ్ డిగ్రీ చేతిలో పెట్టుకుని!

అప్పట్లో వర్క్ ఫ్రమ్ హోమ్ ఇస్తే హైదరాబాద్ నుంచి నరసరావుపేట వచ్చేశాను. రోజంతా ల్యాప్‌టాప్ ముందే కాబట్టి పాటలు వినడానికి టేబుల్ మీద చిన్న ఆంప్, ఒక జత సెకండ్ హ్యాండ్ స్పీకర్లు పెట్టుకున్నాను. సౌండ్ బాగానే ఉంది కానీ వెనకాల సన్నగా గుయ్‌మని ఒకటే మోత. పాట ఆగితే చాలు, ఆ మోత వినిపించేది. దుకాణంలో ఊరికే ఇచ్చిన సన్న వైరు వల్లే అనుకున్నా. ఆన్‌లైన్‌లో 2,400 పెట్టి కేబుల్ తెప్పించాను. నల్ల పెట్టె, లోపల వెల్వెట్ సంచి, వైరు మీద కరెంటు ఎటు వెళ్లాలో చూపించే బాణం గుర్తులు కూడా. తగిలించి, కళ్లు మూసుకుని విన్నాను. ఆహా, ఎంత స్పష్టంగా ఉందో అనుకున్నాను. పాట ఆపాను. గుయ్‌.

ఆ ఆదివారం మా బాబాయ్ భోజనానికి వచ్చాడు. ఆయన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మోత విని, "ఏందిరా అది?" అంటూ వచ్చి ల్యాప్‌టాప్ ఛార్జర్ పిన్ను బోర్డులోంచి లాగేశాడు. మోత టక్కున ఆగిపోయింది. తర్వాత కేబుల్ చేతిలోకి తీసుకుని, "ఎంత పొడుగుంది ఇది?" అనడిగాడు.

"రెండు మీటర్లు బాబాయ్."

"రెండు మీటర్లలో ఏం పోద్దిరా?"

ఆయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నలోనే విషయమంతా ఉంది.

బోరు దగ్గర నేర్చుకున్న పాఠం

మన పల్నాడులో పొలం ఉన్న ఇంట్లో ఎవరికైనా ఇది కొత్త కాదు. మా పొలంలో ఐదు హెచ్‌పీ మోటారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దాకా మూడొందల మీటర్లు. ఖర్చు కలిసొస్తుందని నాన్న మొదట సన్న వైరు లాగించారు. స్విచ్ వేస్తే మోటారు తిరగడం కంటే మూలగడమే ఎక్కువ. చివరికి వైండింగ్ కాలిపోయింది. వైరు సన్నదైతే, పైగా పొడుగైతే, మధ్యలోనే వోల్టేజి తినేస్తుంది. సాగర్ కుడి కాలువ నీళ్లు చివరి భూములకు చేరేసరికి సన్నబడ్డట్టే అన్నమాట.

స్పీకర్ వైరు చేసేదీ అంతే. ఆంప్ నుంచి వచ్చే కరెంటులో కొంచెం దారిలో పోతుంది. ఎంత పోతుందనేది మూడింటి మీద ఆధారపడుతుంది: వైరు పొడవు, మందం, లోపలి లోహం. కాకపోతే బోరుకు మూడొందల మీటర్లు, టేబుల్ మీద స్పీకర్‌కు రెండు మీటర్లు. నూట యాభై రెట్లు తేడా! పైగా గదిలో మామూలుగా వినేటప్పుడు స్పీకర్‌కు వెళ్లేది చాలాసార్లు ఒక వాట్ కూడా ఉండదు.

ఇప్పుడు చిన్న లెక్క. ఆడియో వాళ్లు వాడే మోటు సూత్రం ఒకటుంది: వైరు నిరోధం, రాను పోను కలిపి, స్పీకర్ ఇంపీడెన్స్‌లో 5 శాతం దాటకూడదు. స్పీకర్ వెనక 4 ఓమ్స్ అనో 8 ఓమ్స్ అనో రాసి ఉంటుంది. 4 ఓమ్స్ అయితే వైరుకు 0.2 ఓమ్ దాకా, 8 అయితే 0.4 దాకా పర్లేదు.

0.75 స్క్వేర్ ఎం.ఎం. రాగి ఫ్లెక్సిబుల్ వైరుకు ప్రమాణాల ప్రకారం కిలోమీటరుకు 26 ఓమ్‌లు మించకూడదు. మన వైరు రెండు మీటర్లు. వెళ్లడానికో తీగ, రావడానికో తీగ కాబట్టి నాలుగు మీటర్లు. అంటే 0.104 ఓమ్. 4 ఓమ్స్ స్పీకర్‌కు ఇది 2.6 శాతం, 8 ఓమ్స్‌కైతే 1.3 శాతం. దీనివల్ల సౌండ్ తగ్గేది 4 ఓమ్స్ దగ్గర కూడా పావు డెసిబెల్ లోపే. వాల్యూమ్ నాబ్‌ని వెంట్రుకవాసి కదిపితే సరిపోయే తేడా. ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ అని పెద్ద పేర్లు చెప్పి భయపెడతారు. రెండు మీటర్ల మామూలు వైరులో అవి చెవికి ఆనేంత ఉండవు.

1 స్క్వేర్ ఎం.ఎం. తీసుకుంటే 4 ఓమ్స్ స్పీకర్‌కు కూడా ఐదు మీటర్ల దాకా నిశ్చింత. హాల్లో పది మీటర్లు లాగాలంటే 8 ఓమ్స్‌కు 1.5, 4 ఓమ్స్‌కు 2.5 వాడండి. టేబుల్‌కు అంత అక్కర్లేదు.

"మరి కోటప్పకొండ తిరనాళ్లలో మైక్ సెట్ వాళ్లు సన్న వైరుతోనే అంత దూరం హారన్లు పెడతారుగా?" అని మా చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. వాళ్ల ఆంప్‌లలో 100 వోల్టుల లైను అని వేరే అవుట్‌పుట్ ఉంటుంది. 100 వాట్లు 8 ఓమ్స్ మీద పంపాలంటే మూడున్నర ఆంపియర్లు కావాలి. 100 వోల్టుల మీదైతే ఒక్క ఆంపియరు చాలు. వైరులో పోయేది కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నష్టం పన్నెండో వంతుకు పడిపోతుంది. హారన్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి మళ్లీ వోల్టేజి దించుకుంటారు. పెద్ద పెద్ద కరెంటు టవర్ లైన్లలోనూ ఇదే సూత్రం. మన టేబుల్‌కు ఈ గొడవేం లేదు.

దుకాణంలో ఏమని అడగాలి?

ముందు ఒకటి చూసుకోండి. స్పీకర్‌లోనే ఆంప్ ఉన్న రకమైతే, అంటే స్పీకర్‌కే కరెంటు ప్లగ్గు ఉంటే, మీకు ఈ వైరు గొడవ చాలావరకు ఉండదు. వాళ్లిచ్చిన వైర్లే చాలు. విడిగా ఆంప్ ఉంటేనే మిగతాది చదవండి.

ఎలక్ట్రికల్ షాపుకెళ్లి "టూ కోర్ ఫ్లెక్సిబుల్, రాగిది, పాయింట్ సెవెన్ ఫైవ్ లేదా వన్ స్క్వేర్" అని అడగండి. "స్పీకర్ కేబుల్" అనకండి. ఆ మాటకే రేటు మారిపోతుంది. వైరు మీద ఐ.ఎస్. 694 అని, ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. కంపెనీ వివరాల్లో 24/0.20 అని ఉంటే 0.2 మిల్లీమీటర్ల పోగులు 24 అని అర్థం, అది 0.75 స్క్వేర్. 32/0.20 అయితే 1 స్క్వేర్. ఆన్‌లైన్‌లో గేజ్‌లో రాస్తే జాగ్రత్త, నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. అమెరికా లెక్కలో 18 గేజ్ అంటే సుమారు 0.82 స్క్వేర్, 16 అంటే 1.3.

రాగి అని చెప్పి రాగి పూత వేసిన అల్యూమినియం అంటగట్టడం మామూలే. చూస్తే రెండూ ఎర్రగానే ఉంటాయి. ఒక పోగును బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు. అయస్కాంతానికి అతుక్కుంటే ఇనుము. చేతిలో తూచినా తెలుస్తుంది, రాగి బరువు అల్యూమినియానికి మూడు రెట్లకు పైనే. నిజం చెప్పాలంటే రెండు మీటర్లలో పూత వైరైనా సౌండ్ చెడిపోదు. కానీ నాలుగుసార్లు వంచితే పోగులు తెగుతాయి, స్క్రూ కింద కొన్నాళ్లకు వదులవుతాయి. రాగి ధర ఇచ్చి అది కొనడమెందుకు?

"ఆక్సిజన్ లేని రాగి" అనే మాట కూడా వింటారు. అబద్ధమేం కాదు, అలాంటి రాగి ఉంది. కానీ మామూలు కరెంటు వైర్లలో వాడే రాగే 99.9 శాతం శుద్ధం. కరెంటు పోనివ్వడంలో రెండింటికీ తేడా ఒక శాతం అటూ ఇటూ. ఆ ఒక్క శాతం కావాలంటే వైరు రెండు సెంటీమీటర్లు తక్కువ కత్తిరించండి!

అసలు జాగ్రత్త చివర్లలో

సౌండ్ చెడగొట్టేది చాలాసార్లు వైరు కాదు, వైరు కొసలు. పైపొర ఒక సెంటీమీటరు తీసి, పోగులన్నీ గట్టిగా మెలిపెట్టండి. ఒక్క పోగు బయటికొచ్చి పక్క టెర్మినల్‌కు తగిలినా ఆంప్ కాలిపోవచ్చు. వైర్లు మార్చేటప్పుడు ఆంప్ ఆపేయండి.

రెండు స్పీకర్లకూ ఎరుపు నుంచి ఎరుపుకు, నలుపు నుంచి నలుపుకు ఇవ్వండి. ఒకదానికి తిరగబడితే బేస్ పల్చబడి, గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. సరిగ్గా ఉంటే పాడేవాళ్ల గొంతు రెండు స్పీకర్ల మధ్యలోంచి వస్తుంది.

ఇంకొకటి. ఈ వైరు చూడ్డానికి అచ్చం కరెంటు వైరే. ఇంట్లో ఎవరైనా పొరపాటున సాకెట్లో పెడితే ప్రమాదం. రెండు కొసలకూ రంగు టేపు చుట్టి, ఇది స్పీకర్‌దని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

నా మోత సంగతా? అది స్పీకర్ వైరులో లేదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ నుంచి ఆక్స్ కేబుల్ ద్వారా ఆంప్‌లోకి వచ్చింది. ఆంప్, ల్యాప్‌టాప్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే చాలా తగ్గింది. అప్పటికీ మిగిలితే ఆక్స్ దారిలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బీ పెట్టుకోవచ్చు. అంతేగానీ కొందరు చెప్పినట్టు ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టొద్దు. మోత పోతుందేమో గానీ, ప్రాణానికి ఉన్న కాపలా కూడా పోతుంది.

చెల్లి పెట్టిన పరీక్ష

బాబాయ్ వెళ్లాక కూడా నా మనసు ఒప్పుకోలేదు. 2,400 పెట్టాను కదా! ఐదు మీటర్ల మామూలు వైరు 190 రూపాయలకు తెచ్చాను. చెల్లిని కూర్చోబెట్టి, రూపాయి బిళ్ల ఎగరేసి బొమ్మ పడితే ఖరీదైనది, బొరుసు పడితే మామూలుది తగిలించమన్నాను. ప్రతిసారీ నేను గది బయటికెళ్లి రావాలి, వైరు కనపడకుండా దుప్పటి కప్పాలి. ఒకే పాట, ఒకే వాల్యూమ్. ఇరవైసార్లు చేశాం.

నేను సరిగ్గా చెప్పింది పదకొండు. కళ్లు మూసుకుని లాటరీ వేసినా పది వస్తాయి. పదిహేనో, ఆ పైనో వస్తే నిజంగా తేడా వినిపించిందని అనుమానించొచ్చు, ఎందుకంటే ఊరికే అలా తగిలే అవకాశం నూటికి రెండే. నా పదకొండుతో ఏమీ రుజువు కాలేదు, నా జేబుకు పడిన చిల్లు తప్ప. మొదటిరోజు నేను విన్న "స్పష్టత" నా డబ్బు మాట్లాడిన మాట.

ఇందులో మనం ఒంటరివాళ్లం కాదులెండి. అమెరికాలో 1970ల దాకా చాలామంది టేబుల్ ల్యాంపుకు వాడే వైరునే స్పీకర్లకూ వాడేవాళ్లు. ఆ దశాబ్దం చివర్లో నోయెల్ లీ అనే ఇంజినీరు మాన్‌స్టర్ కేబుల్ పేరుతో లావు వైర్లు అమ్మడం మొదలుపెట్టాక, వైరు ఒక ప్రత్యేక సరుకై కూర్చుంది. 2007లో ఏడు వేల డాలర్లకు పైబడిన స్పీకర్ కేబుళ్లకూ మామూలు వాటికీ తేడా విని చెప్పగలిగితే పది లక్షల డాలర్లు ఇస్తానని జేమ్స్ రాండీ సవాల్ విసిరాడు. చివరికి ఆ పరీక్ష జరగనేలేదు. అది జరగకపోయినా మీ పరీక్ష మీరు చేసుకోవచ్చు. కావలసిందల్లా ఒక చెల్లి, ఒక రూపాయి బిళ్ల, ఒక దుప్పటి.

కాబట్టి తమ్ముడూ, నీ తొమ్మిది వేల లెక్క ఇది. వైరుకు రెండొందలు, పోనీ రాగి ధర పెరిగిందనుకుంటే మూడొందలు. మిగతాది స్పీకర్ల మీద పెట్టు. ఆరున్నర వేల సెట్టుకు ఇంకో రెండు వేలు కలిస్తే వచ్చే తేడా చెల్లి పరీక్షలో కూడా దొరికిపోతుంది. స్పీకర్లు చెవి ఎత్తుకు వచ్చేలా కింద రెండు ఇటుకలు పెట్టి, నీ వైపు కొంచెం తిప్పు. అది ఉచితమే.

కల్లంలో ఎండకు సంపాదించిన డబ్బు నీది. వెల్వెట్ సంచిలో పొయ్యకు.