గిటార్‌కి తౌబా, డీజేకి దావత్



పోయిన నెల మా ఖాందాన్‌లో ఒక షాదీ. బారాత్ ముందు మర్ఫా, వెనక గుండెలదిరేలా డీజే బాక్సులు. ఆ హోరులో ఒక పెద్దాయన నా చెవి దగ్గరికొచ్చి అరిచారు: "క్యా మియా, గిటార్ బజా రహే కతే? బచ్చీకి కూడా నేర్పిస్తున్నావంట! తౌబా కరో!"

నవ్వాలో ఏడ్వాలో తెలీలేదు. అక్కడ జవాబిస్తే డీజేలో వినబడదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నలభై దాటాక, మూడేళ్ళ కింద, ఒక సెకండ్‌హ్యాండ్ గిటార్ కొన్నాను. ఫోనే ఉస్తాద్. ఇషా అయ్యాక అరగంట రియాజ్. ఎఫ్ కార్డ్ అని ఒకటుంది. చూపుడు వేలు అడ్డంగా పెట్టి ఆరు తీగలూ ఒకేసారి నొక్కాలి. నెలల తరబడి అది పలకలేదు. వేళ్ళ కొసలు బొబ్బలెక్కి, గట్టిపడ్డాయి. సబర్ గురించి జుమ్మా బయాన్‌లో వినడం వేరు, వేళ్ళతో తెలుసుకోవడం వేరు. తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డ పక్కన కూర్చుని చూసి చూసి, నాకంటే సాఫ్‌గా ఆ కార్డ్ పట్టేసింది. అప్పట్నుంచి ఖాందాన్ మొత్తానికీ ఫికర్ పట్టుకుంది.

దీన్ మాట దాచను. నాలుగు మజ్‌హబ్‌ల ఫుఖహాలో ఎక్కువమంది వాయిద్యాలు నాజాయజ్ అన్నారు. అందలూసియా ఆలిమ్ ఇబ్న్ హజ్మ్ లాంటివాళ్ళు ఆ రివాయత్‌లు జయీఫ్ అని కాదన్నారు. ఇఖ్తిలాఫ్ ఉంది. మీ ఇంట్లో టీవీ పాట, రింగ్‌టోన్, బారాత్ బాజా అన్నీ బంద్ చేసి ఉంటే మీ తఖ్వాకి నా సలామ్. మీతో నాకు ఝగడా లేదు. నా ఝగడా డీజే బయానా తన చేత్తో ఇచ్చి, గిటార్ దగ్గర మాత్రం ముఫ్తీ అయిపోయే వాళ్ళతో.

గిటార్ ఫిరంగీ వస్తువంటారు. యూరప్ వాళ్ళ 'ల్యూట్' పేరు మన 'అల్ ఊద్' నుంచే పుట్టింది. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్ నుంచి కొర్డోబా చేరిన జిర్యాబ్ ఊద్ వాయించిన స్పెయిన్ నేల మీదే గిటార్ పెరిగింది.

అంత దూరం ఎందుకు? ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాబ్ నాదస్వరంతో 1998లో సంగీత కళానిధి అయ్యారు. 2020లో మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి అదే నాదస్వరానికి పద్మశ్రీ వచ్చింది. కాలీషాబీ ఆడమనిషే కదా! అప్పుడు ముబారక్‌లు చెప్పుకున్నాం. మన ఇంటి బచ్చీ తీగ ముట్టుకుంటే తౌబా!

నన్ను అడగాల్సిన సవాల్ వేరే ఉంది. అది ఎవరూ అడగలేదు. తొలి ఏడాది నేను వాయించింది తక్కువ, కొన్నది ఎక్కువ. మూడు కాపోలు, ఒక ఎలక్ట్రిక్ గిటార్, ఆంప్, డిలే పెడల్. మంచి సామాను ఉంటే ఎఫ్ కార్డ్ అదే వస్తుందనుకున్నా. రాలేదు. పాత గిటార్‌లోనే తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయని రిపేర్ చేసే భాయ్ చెప్పాడు. శాడిల్ కాస్త అరగదీసి తీగలు కిందికి దించాడు. మిగతాది రియాజ్ చేసింది. నేను చేసింది ఇస్రాఫ్. పెడల్, ఆంప్ అమ్మేశాను. దానికి తిట్టండి, తలొంచుకుంటా.

కానీ అప్పు తెచ్చి ఒక్క రాత్రికి షామియానా, డీజే, తినగా పారేసిన బిర్యానీ దేగ్‌లు? అక్కడ ఇస్రాఫ్ అనే లఫ్జ్ ఎవరి నోటా రాదు. ఎందుకంటే అక్కడ ఇజ్జత్ ఉంది. అరగంట ఫోన్ పక్కన పెట్టి వేళ్ళు అరగదీసుకునే పిల్ల దగ్గర ఏ ఇజ్జతూ కనబడదు మనకి.

నమాజ్ ఖజా అయిందా, అడగండి. చదువు తగ్గిందా, అడగండి. పడోసీ నిద్ర చెడిందా, అడగండి. జవాబు చెప్పుకుంటాం. గిటార్ బీరువా మీదికి ఎక్కించమని మాత్రం చెప్పకండి. చెప్పాలంటే, ముందు మీ బారాత్ బండి మీంచి ఆ డీజే బాక్సులు దించండి.

ఖుదా హాఫిజ్.