ఆ కథయేనా ఇది?

‘ఆ దేవదత్తుడే ఇతడు’ అని గుర్తించేటప్పుడు దేశకాలభేదాలను విడిచి వ్యక్తిని మాత్రమే గ్రహించాలని వేదాంతులు చెబుతారు. జపాన్‌లో 1995లో ప్రారంభమైన ‘నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్’ అనే టెలివిజన్ ధారావాహిక అభిమానికి ఈ దృష్టాంతం చక్కగా వర్తిస్తుంది. తండ్రి ఆజ్ఞతో మహాకాయ యంత్రయోధుణ్ణి అధిరోహించే 14 ఏళ్ల షింజీ కథ అది. దర్శకుడు హిదెయాకి అన్నోయే దానిని 2007 నుండి 2021 వరకు నాలుగు చలనచిత్రాలుగా పునర్నిర్మించాడు.

మొదటి చిత్రం దాదాపు పాత మార్గాన్నే అనుసరించింది, అభిమాని ఆనందించాడు. రెండవది దారి మళ్లింది, అసుకా ఇంటిపేరే మారింది. మూడవది కథాకాలాన్ని 14 ఏళ్లు ముందుకు జరిపింది. దృశ్యవైభవం వృద్ధి పొందింది. కానీ పాత ధారావాహిక చివరి రెండు భాగాలు యుద్ధాన్ని విడిచి షింజీ అంతరంగంలోకి దిగినప్పటి ఆర్తి, అసంపూర్ణత అభిమానికి ఇక్కడ కనబడలేదు. అతని వేదన అసత్యం కాదు.

అయితే దాని మూలాన్ని విచారించాలి. అతడు కోరుతున్నది పాత కథనా, దానిని చూసిన నాటి తననా? కర్త కూడా మారాడు. మనోవ్యథ నడుమ షింజీని సృష్టించినవాడే చివరికి ఆ యంత్రయోధులు లేని లోకాన్ని అతనికి ప్రసాదించి వీడ్కోలు పలికాడు.

పాత 26 భాగాలు యథాతథంగానే ఉన్నాయి. భేదాలను విడిచి చూస్తే రెండింటిలోనూ మిగిలేది ఒక్కటే: పరుల సామీప్యానికి భయపడుతూనే దానిని కాంక్షించే ఒంటరి బాలుడు. పాతదానినే ప్రేమించడంలో దోషం లేదు. కొత్తదానిని ద్రోహమనడమే దోషం.