ప్రశ్న మారాలి

“ఇప్పుడు మీకేమనిపిస్తోంది?” కౌన్సెలింగ్‌లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందికి తమ భావోద్వేగాన్ని గుర్తించి పేరు పెట్టడమే కష్టమని 2019లో వచ్చిన ఒక మెటా విశ్లేషణ తేల్చింది. జవాబు రాకపోతే మొండితనం అనుకోకూడదు, ప్రశ్ననే మార్చాలి. ఉపమానాలు తగ్గించి సూటిగా మాట్లాడాలని, విషయం రాసి, బొమ్మగా చూపాలని, మధ్యలో విరామం ఇవ్వాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2012లోనే సూచించింది.

ఇలా మారిస్తే చికిత్స పలచబడుతుందని కొందరి అభ్యంతరం. మారేది చెప్పే తీరే. ఆందోళన, దిగులు తగ్గించాలన్న లక్ష్యం కాదు. ఆటిజం అందరిలో ఒకేలా ఉండదన్నదీ నిజమే. అందుకే ముందు వారినే అడిగి తెలుసుకోవాలి. తగిన సర్దుబాటు నిరాకరించడం వివక్షేనని మన 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. మెట్ల పక్కన ర్యాంపు దయ కానట్టే, మాట తీరు మార్చుకోవడమూ దయ కాదు.

- సంపాదకుడు