వాదసభలు - తీర్పరులు

కళాశాలలలో వాదపోటీలు జరుగుచున్నవి, పతకములు పంచబడుచున్నవి. కాని యోడినవాడు తానేల యోడెనో తెలియక యింటికి మరలుట సర్వసామాన్యమైపోయినది. అట్టి సభ కొకదానికి మేమును వెళ్లియుంటిమి. ఒక విద్యార్థి ప్రతిపక్షుని మూడు యుక్తులకును సూటిగా సమాధానము చెప్పెను. రెండవవాడు ఒక్కదానికిని చెప్పక, దొరల యాసతో ఇంగ్లీషు పలికి సభ నలరించెను. పతకము రెండవవానికే దక్కినది. కారణ మడుగగా తీర్పరి చిరునవ్వు నవ్వి యూరకుండెను.

ఆ మౌనమే మా యాక్షేపణకు మూలము. న్యాయాధిపతి రికార్డు కెక్కిన సాక్ష్యమును విడిచి సొంత యెరుకపై తీర్పు చెప్పరాదు. విచారణాంశములను, నిర్ణయమును, అందులకు కారణములను తీర్పులో వ్రాయవలెనని 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు శాసించుచున్నది. ఆస్తిదావాకు గల యీ రక్షణ విద్యార్థి శ్రమకు లేకుండుట న్యాయమా?

1947 నుండి జాతీయ వాదపోటీ నడపుకొనుచున్న అమెరికా కళాశాలలలో తీర్పరులు తమ తీర్పుసూత్రములను ముందుగనే వ్రాసి ప్రకటించుట యాచారమైనది. తమ మనస్సు వ్రాయని పలకవంటిదనియు, సభలో వినబడినదే ప్రమాణమనియు చెప్పువారు వారిలో ననేకులు. ప్రపంచ విశ్వవిద్యాలయ వాదపోటీలు 2014 లో మన పొరుగున చెన్నపట్టణముననే జరిగినవి. అందు తీర్పరి తన విశేషపాండిత్యమును ప్రక్కనబెట్టి, లోకజ్ఞానముగల సామాన్య పౌరునివలె వినవలెను. తోడివారితో చర్చించి నాలుగు జట్లకును స్థానములు నిర్ణయింపవలెను. యాసకు మార్కులు లేవు.

అయితే వ్రాయని పలకకును హద్దు గలదు. సమాధానము పడని యుక్తి నెగ్గినట్లే యెంచబడుటచే, అమెరికా వాదకులలో పెక్కురు అలవాటులేని చెవికందని వేగముతో యుక్తులను గుప్పించుచుందురు. గౌతముని న్యాయసూత్రములు దీనికి మందు ఏనాడో చెప్పినవి. అందు ఓటమికి హేతువులైన నిగ్రహస్థానములు 22 లెక్కింపబడినవి. ముమ్మారు చెప్పినను సభకును ప్రతివాదికిని తెలియని మాట అవిజ్ఞాతార్థము, ఓటమి చెప్పినవానిదే. సభకు తెలిసిన మాటను, ముమ్మారు విన్న పిదపను, ప్రతివాది తిరిగి చెప్పలేకుండుట అననుభాషణము, ఓటమి వినినవానిది. ఇరువురకును కొలత యొక్కటే.

కారణము చెప్పినచో ఓడినవారు తగవునకు వత్తురని నిర్వాహకులు భయపడవచ్చును. చెప్పకున్నను గొణుగుడు తప్పుటలేదు గదా! సకారణముగా నోడినవాడు మరుసటియేట సిద్ధపడి వచ్చును. అకారణముగా నోడినవాడు వేదిక ఛాయలకే రాడు. అధికారి మౌనమునకు తలవంచుట కళాశాలలోనే అలవడినవాడు, రేపు పౌరుడై యెవరిని ప్రశ్నింపగలడు?

కావున కళాశాలాధికారులను మేము కోరునవి మూడు. తీర్పుసూత్రములను పోటీకి ముందే సభలో చదువుడు. సభలో పలుకబడని దానిని తీర్పున చేర్పనీయకుడు. తీర్పు వెంట కారణమును చెప్పింపుడు. ఇందులకు కానియైన ఖర్చు లేదు. ఈ యేటి పోటీలనుండియే యారంభింపవచ్చును.