పురుగు కొరికితే మొక్క ఊరుకుంటుందా?

పాతబస్తీలో చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాలను మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ దొరికే చమేలీ అత్తరు మన జాజిపూల పరిమళమే. ఆ జాజి నూనె నుంచి మిథైల్ జాస్మొనేట్ అనే పదార్థాన్ని రసాయన శాస్త్రజ్ఞులు 1962లో వేరుచేశారు. అది మనకు సువాసన. మొక్కకు మాత్రం అపాయ సూచన!

1972లో అమెరికాలో గ్రీన్, రయాన్ అనే శాస్త్రజ్ఞులు ఒక వింత కనుగొన్నారు. టమాటా ఆకును పురుగు కొరికితే, ఆ ఆకులోనే కాక మిగిలిన ఆకుల్లో కూడా పురుగు జీర్ణశక్తిని దెబ్బతీసే ప్రోటీన్లు తయారవుతాయి. మిథైల్ జాస్మొనేట్ ఆవిరి సోకితే చాలు, గాయం లేని టమాటా మొక్క సైతం ఈ ప్రోటీన్లను తయారుచేసుకొంటుందని 1990లో ఫార్మర్, రయాన్ చూపారు.

ఇదెలా సాధ్యం? రక్షణకు కావలసిన జన్యువులు మొక్కలో ఎప్పుడూ ఉంటాయి. మామూలు రోజుల్లో 'జాజ్' అనే ప్రోటీన్లు వాటిని తాళం వేసినట్లు ఆపి ఉంచుతాయి. పురుగు కొరకగానే ఆకులో జాస్మొనిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. అది ఒక అమైనో ఆమ్లంతో కలిసి తాళంచెవిగా మారుతుంది. అప్పుడు జాజ్ ప్రోటీన్లు నాశనమై, జన్యువులు పనిలోకి దిగుతాయి. ఈ తాళం సంగతి 2007లో బయటపడింది.

"తాళమెందుకు? ఎప్పుడూ తెరిచే ఉంచవచ్చు కదా!" అని మీరడగవచ్చు. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో అయిదు జాజ్ జన్యువులు పనిచేయకుండా చేసి చూశారు. ఆ మొక్క పురుగును బాగా తట్టుకొన్నది, కాని ఎదుగుదల తగ్గిపోయింది. రక్షణకూ పెరుగుదలకూ మధ్య తూకం అవసరమన్నమాట.

ఇది తెలిశాక కూడా మొక్కను నోరులేని దీనురాలిగా భావించి, ఆకుకు చిల్లు పడగానే మందు చల్లడం తగదని నా అభిప్రాయం. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి చేలపై లద్దెపురుగు విరుచుకుపడినపుడు ఎన్ని మందులు కొట్టినా లాభం లేకపోయింది. అప్పులపాలై ఎందరో రైతులు ప్రాణాలు తీసుకొన్నారు.

మందులే వద్దని నేననడం లేదు. మొక్క శక్తికీ హద్దులున్నాయి, దానిని తట్టుకొనే పురుగులూ ఉన్నాయి. అందుకే రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పురుగును తట్టుకొనే వంగడాల కోసం కృషి చేస్తున్నాయి. మందు చివరి ఆయుధం కావాలి గాని, మొదటిది కాకూడదు.

మీ డాబా మీద కుండీలో టమాటా మొక్క ఉందా? ఆకుకు చిల్లు కనిపిస్తే మందు కోసం పరుగెత్తకండి. పురుగును చేత్తో ఏరివేయండి. ఒక వారం పాటు రోజూ చిల్లులు లెక్కపెట్టి, కొత్త ఆకులు ఎన్ని వచ్చాయో నోటుపుస్తకంలో వ్రాయండి. ఆ లెక్క చూశాకే మందు సంగతి ఆలోచించండి.